మా లైబ్రరీలో ఇక ఎవరినీ అడగక్కర్లేదు!

"ఆ పలక మీద చెయ్యి పెట్టకే ఇంగ్రిడ్! నీ ఒంట్లో ఉన్నదంతా కంప్యూటర్‌కి ఎక్కేస్తుంది!"

మా ఊరి లైబ్రరీలో కొత్త యంత్రాలు పెట్టిన రోజు మా అమ్మాయి మీద నేను వేసిన కేక ఇది. పాపం అదింకా దేన్నీ ముట్టుకోలేదు. దాని చేతులు కోటు జేబుల్లోనే ఉన్నాయి.

ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, నాదే బుద్ధితక్కువ. మనిషి లేని కౌంటరంత మహాభాగ్యం మిన్నెసోటా రాష్ట్రం మొత్తం గాలించినా దొరకదు!

ప్రతి పుస్తకం అట్ట లోపల తపాలా బిళ్ళంత చిప్పు అంటించారు. దొంతర తెచ్చి పలక మీద పెడితే చాలు, ఒక్కటీ తెరవకుండానే ఈ స్మార్ట్ యంత్రం పదింటినీ చదివేస్తుంది. మా ఆయన డారెల్ హైస్కూలంతా ఇలాగే చదివాడు. ఆయన్ని మాత్రం ఎవరూ స్మార్ట్ అనలేదు!

పైగా దీనివల్ల ఇరుగుపొరుగు ఎంత దగ్గరవుతారో! ఆమధ్య నా దొంతర పక్కనే మా వీధి గ్లెండా తన సంచి ఆనించింది. యంత్రానికి నీ నా భేదం ఉంటుందా? ఆవిడ పుస్తకాలు కూడా నా కార్డు మీదికే ఎక్కించేసింది. తెర మీద ఇంతేసి అక్షరాలు: 'మొలల నుంచి విముక్తి', 'రెండో మొగుడితో సర్దుకుపోవడం'.

"చూశావా?" అంది గ్లెండా, కందిపోయిన ముఖంతో.

"లేదమ్మా, కళ్ళజోడు తేలేదు," అన్నాను, కళ్ళజోడు సవరించుకుంటూ.

పదేళ్ళుగా చర్చిలో ఆవిడ నా పక్కనే, బల్ల అంచున కూర్చుంటోంది. ఎందుకో ఆ రోజు తెలిసింది. కౌంటరులో మనిషే ఉంటే ఈ రహస్యం నాకు చెప్పేదా? కడుపులో దాచుకునేది!

మర్యాదకు ఆ రెండూ నా కార్డు మీంచి తీసేశాను. గ్లెండా అది చూసుకోకుండా వాటిని పట్టుకుని బయటికి నడిచింది. ఏ కార్డు మీదా ఎక్కని పుస్తకాలు కదా, గుమ్మంలో గేటు కుయ్యోమంది! అందరూ తలెత్తి చూశారు. పెళ్ళిళ్ళు రెండయినా ఆవిడను అంతమంది ఒకేసారి చూసి ఉండరు.

ఇంత సౌఖ్యం పెట్టుకుని, మొన్న బుధవారం నేనే కాస్త తొందరపడ్డాను.

మర్నాడు పొద్దున ఇంగ్రిడ్‌కు టాన్సిల్స్ ఆపరేషన్. మత్తిస్తే లేవదేమో, లేచినా గొంతు రాదేమో, వచ్చినా నాతో మాట్లాడదేమో! నా భయాలు నావి. ఏడేళ్ళ దానికి మాత్రం ఒక్కటే షరతు.

"మేక ఆసుపత్రికెళ్ళే పుస్తకం చదివితేనే కారెక్కుతా."

"దాని పేరేంటే?"

"మేక పుస్తకం!"

"రాసిందెవరు?"

"నాకేం తెలుసు? దాని అట్ట చించింది నేను. రాసింది నేను కాదుగా!"

మా ఊళ్ళో పుస్తకం అడిగే తీరే అంత. పేర్లెవరికి గుర్తు? 'ఆ పచ్చ అట్టది' అంటాం. 'చివర్లో కుక్క చావనిది' అంటాం. ఇరవై ఏళ్ళు కౌంటరులో ఉన్న లోయిస్ గారు లేచి వెళ్ళి అదే తెచ్చేవారు. ఇప్పుడావిడను గోడ వెనక గదిలో వేశారు. వాపసొచ్చిన పుస్తకాలు సర్దుతున్నారట.

అయితేనేం? యంత్రం ఉందిగా! 'మేక' అని కొట్టాను. మూడొందల పన్నెండు వచ్చాయి. మేకపాల సబ్బులు, మేకల పెంపకం, మేకమాంసంతో వంద వంటలు. ఆ ఆఖరుదాని బొమ్మ ఇంగ్రిడ్ కంట పడకుండా టోపీ తీసి తెరకు అడ్డం పెట్టాను.

'మేక ఆసుపత్రి' అని కొట్టాను. పశువైద్యం చదవాలనుకుంటున్నారా అని అడిగింది. 'భయపడే పిల్లకు మేక' అని కొట్టాను. అలాంటిది ఏదీ లేదట. సహాయం బొత్తాం నొక్కాను. మా సేవకు ఎన్ని నక్షత్రాలిస్తారు అంది. అయిదూ ఇచ్చాను. తక్కువిస్తే గుర్తుపెట్టుకుంటుందేమో, ఎవరు చూడొచ్చారు?

ఇంగ్రిడ్ గడ్డం వణకడం మొదలైంది.

గోడలో పుస్తకాలు వాపసు వేసే కంత ఉంది. తిన్నగా వెళ్ళి అందులో తల దూర్చాను.

"లోయిస్ గారూ! మేక ఆసుపత్రికెళ్ళే పుస్తకం కావాలండీ! రేపు మా పిల్లకు ఆపరేషన్!"

"దయచేసి ఒకసారికి ఒక్కటే వేయండి," అంది కంత.

"అమ్మా, అందరూ చూస్తున్నారే," అంది ఇంగ్రిడ్, నా కోటు లాగుతూ.

లోపల పుస్తకాలు మోసుకెళ్ళే పట్టా గిర్రున తిరుగుతోంది. కాసేపటికి అదీ ఆగింది. పాఠకులారా, యంత్రం చేయలేనిది మనిషి ఏం చేస్తుంది చెప్పండి? ఆ కంతలో తల పెట్టుకుని నేనూ అదే ఆలోచిస్తూ నిలబడ్డాను. చాలాసేపు నిలబడ్డాను.

అప్పుడు గోడ వెనక నుంచి, తాపీగా:

"ఏ మేకమ్మా? నర్సు టోపీ తినేసిందా, అంబులెన్సు ఎక్కనని మొండికేసిందా?"