‘ఐ బెగ్ టు స్టేట్’ సక్రమ ప్రయోగం

‘ఐ బెగ్ టు స్టేట్’, అనగా ‘వేడుకొని విన్నవించుకుంటున్నాను’, అన్న మాట లేనిదే దరఖాస్తు కదలదని విశాఖపట్నంలో ఓడరేవు మొదలు ఉక్కునగరం దాకా అందరూ నమ్ముతారు. 1984 వర్షాకాలంలో ఈ నమ్మకానికి పరీక్ష జరిగింది.

గోదావరి జిల్లా నుంచి వచ్చిన చలమయ్య ఒక కంపెనీలో క్రేను నడిపేవాడు. కంపెనీవారు దయతో ఇచ్చిన క్వార్టరులో వాన మూడు నెలల పిల్ల ఉయ్యాల మీదే సరిగ్గా కురిసేది. ఉయ్యాలను ఎటు జరిపితే అటు కురిసేది.

“ఆదివారంలోగా కప్పు బాగవ్వకపోతే పిల్లనెత్తుకుని మా అమ్మగారింటికి పోతానండి. మీరూ మీ బకెట్లూ కాపరం చేసుకోండి,” అంది భార్య భ్రమరాంబ.

కప్పు కారుతోందని, పసిపిల్ల తడుస్తోందని చలమయ్య తెలుగులో రాసిచ్చాడు. కంపెనీ ఆఫీసులో గుమాస్తా వరహాలు అది చదివి జాలిపడ్డాడు.

“ఏటి బావా ఇది? బెగ్గేదీ? ఊరికే కారతందని సెప్పేత్తే ఆఫీసరుగారు నమ్ముతారేటి?”

పాత ఊళ్లో అర్జీలు టైపుచేసే కరీం బాషా ఆ మాటను మొదటి వరుసలో ప్రతిష్ఠించి ఇచ్చాడు. ఆఫీసరుగారు చదివి గంభీరంగా సెలవిచ్చారు: “ప్రార్థన శ్రేష్ఠంగా ఉంది. దాని వెనుకే నీళ్లు కారడమేమిటి? ప్రార్థించిన నోటితో ఫిర్యాదు చేయుట సంస్కారము కాదు.”

కరీం బాషా నీళ్లను తీసేశాడు. దరఖాస్తు తిరిగివచ్చింది. పిల్లను తీసేశాడు. మళ్లీ వచ్చింది.

“ఇంక కప్పొక్కటే అడ్డం భాయ్. అదీ తీసేత్తన్నాను,” అన్నాడు.

‘ఐ బెగ్ టు స్టేట్’, కింద సంతకం. శనివారం ఉదయం ఆ కాగితం మంజూరైంది. మధ్యాహ్నం ఇంజనీరు వచ్చి, దరఖాస్తును ఆసాంతం చదివి, అందులో చేయవలసిన పని ఏదీ కనిపించనందున పని పూర్తయినట్లు రాశాడు.

“సంతకం ఎట్టీ బావా, మంజూరైన కాగితాన్ని కాదంటే పైవాళ్లకి కోపమొత్తాది,” అన్నాడు ఇంజనీరు వెంట వచ్చిన వరహాలు. పని పూర్తయిందన్న ఆ రాత కింద చలమయ్య సంతకం పెట్టాడు.

సాయంత్రానికి కాలనీవారంతా వానలో గొడుగులు వేసుకొని అభినందించడానికి వచ్చారు. బకెట్లను జాగ్రత్తగా దాటుకుంటూ లోపలికి వచ్చి, దరఖాస్తు నకలు అడిగి తీసుకున్నారు. కప్పు వంక ఎవరూ చూడలేదు.

ఆ వర్షాకాలంలో ఆ కాలనీ నుంచి అవే నాలుగు మాటలతో రెండువందల పదకొండు దరఖాస్తులు అందాయి. అన్నీ మంజూరయ్యాయి.

భ్రమరాంబ పిల్లనెత్తుకుని ఆదివారం రైలెక్కింది.