పదిహేను ఇంచుల మర్యాద

"ఇంటికి పునాది ఎంత లోతో, ఇంటాయన మర్యాదకు బాస్ అంత లోతుండాల!"

ఈ ప్రకటన చింతాద్రిపేటలో, కూవం ఒడ్డుకు రెండు వీధుల ఇవతల, ఒక అపార్ట్‌మెంటు సంఘం సర్వసభ్య సమావేశంలో వెలువడింది. ప్రకటించినవాడు సంఘం అధ్యక్షుడు వెంకటాచలపతి. సభ్యులు చప్పట్లు కొట్టారు. బాస్ అంటే ఆఫీసులో పైవాడనుకున్న ఇద్దరు ఇంకాస్త గట్టిగా కొట్టారు.

అధ్యక్షుడు చెప్పిన బాస్ వేరు. పాటకు అడుగున ధమధమలాడే శబ్దం అది. దాన్ని పుట్టించే పెట్టె పేరు సబ్‌ఊఫర్. అధ్యక్షుడి హాల్లో అటువంటిది ఒకటి ఉంది. పదిహేను ఇంచులు. ప్రతి ఆదివారం సాయంత్రం ఆయన బ్లాకులోవాళ్లను పిలిచేవాడు. కిటికీలు మూసి, కర్టెన్లు లాగి, టీవీలో ఏదో ఒక యుద్ధం పెట్టేవాడు. తర్వాత చెయ్యి పైకెత్తేవాడు.

"ఉండండి, ఉండండి... ఇప్పుడు!"

నేల వణికేది. షోకేసు అద్దాలు గలగలమనేవి. ఆయన భార్య హైమ కాఫీ గ్లాసులున్న పళ్లేన్ని బల్ల మీద పెట్టకుండా చేత్తోనే పట్టుకుని నిలబడేది. ఒక్క ఆదివారం మాత్రం "ఇప్పుడు!" అన్న తర్వాత ఏమీ కాలేదు. యుద్ధం అయిపోయింది, రాజుకు పట్టాభిషేకం కూడా అయింది, చెయ్యి మాత్రం పైనే ఉంది. "వార్మప్ కావాల" అన్నాడు అధ్యక్షుడు. అందరూ తలూపారు. కాసేపటికి నేల వణికింది. అందరూ మళ్లీ తలూపారు.

మునిరత్నం కూడా ఊపాడు. కాగితాల హోల్‌సేలు కొట్టులో లెక్కలు రాసే మునిరత్నానికి జీవితంలో ఒకే ఒక్క కోరిక మిగిలింది. అపార్ట్‌మెంటు గేటు దగ్గర సంఘం కార్యవర్గం పేర్ల బోర్డు ఉంది. అందులో 'కల్చరల్ సెక్రటరీ' అన్న మాట ఎదురుగా ఖాళీ ఉంది. ఆ ఖాళీలో తన పేరు చూసుకోవాలి. పదవి అధ్యక్షుడి చేతిలో ఉంది. అధ్యక్షుడికి ఒక సిద్ధాంతం ఉంది.

"ఇంట్లో సౌండే లేనోడికి కల్చర్ యాడ నుంచి వస్తాది?" అని ఆయన సభలో అడిగాడు. తర్వాత మునిరత్నం వైపు తిరిగాడు. "ఏం మునిరత్నం సార్? మీ ఇంట్లో ఊఫర్ ఎన్ని ఇంచులు?"

"పదిహేను" అంది మునిరత్నం నోరు. ఆ నోటిని మునిరత్నం సంప్రదించలేదు.

పక్క కుర్చీలో ఉన్న భార్య అమ్మణి తల తిప్పి చూసింది.

"భేష్! మాది సర్వీసుకు పోతా ఉండాది. ఈ ఆదివారం ఫైనల్ మ్యాచ్ మీ ఇంట్లోనే. బ్లాకంతా వస్తాం. బాస్ ఇని, ఆడనే సెక్రటరీ ఎవరని చెప్పేస్తాను!"

సమావేశంలో చివరి అంశాన్ని అధ్యక్షుడే చదివాడు. కాంపౌండు గోడ పక్కన వంతెన మీద పోయే లోకల్ రైళ్లు పట్టాల పని వల్ల ఆదివారం నడవవు, సభ్యులు బస్సులో పోవాలి. అప్పటికి సభ్యులు బజ్జీల దగ్గర ఉన్నారు.

ఇంటికొచ్చాక అమ్మణి తలుపు వేసింది.

"పదిహేను ఇంచులా? మనింట్లో పదిహేను ఇంచులుండేది దోసె పెనం ఒకటే."

"నోరు జారింది."

"జారితే ఎనిమిదో పదో అనేది కదా! పదిహేను దాకా ఎందుకు జారాల?"

కాలేజీలో చదువుతున్న కూతురు రంజని ఫోన్లోంచి తలెత్తలేదు. "అప్పా, ఇదెల్లాం తేవైయా?" అంది. ఇవన్నీ నీకవసరమా అని ఆ అరవానికి అర్థం. ఆ ఇంట్లో ఆ ప్రశ్నకు తెలుగులో కూడా జవాబు లేదు.

"కొత్త గ్రైండరుకని ఎత్తిపెట్టిన ఆరు వేలు ఉండాది. దాన్ని ముట్టుకుంటే మీ సెక్రటరీ పదవినే నానేసి రుబ్బుకోవాల" అంది అమ్మణి.

ముట్టుకున్నాడు.

రిచీ స్ట్రీట్లో నాగలింగం అనే ఆయనకు సౌండు సామాన్ల కొట్టు ఉంది. "రూం సైజు ఎంత సార్?" అని అడిగాడు. పదికి పన్నెండని, చేతిలో ఆరు వేలుందని మునిరత్నం చెప్పాడు.

"అయితే ఎనిమిది ఇంచులు దండి. ఇదో, ఇది ఇనండి."

బియ్యం డబ్బా అంత పెట్టె. నాగలింగం పాట పెట్టాడు. మునిరత్నం చొక్కా గుండీ వణికింది. పక్క కొట్టువాడు తొంగి చూసి పోయాడు.

"బాగుండాది. కానీ కనపడదే!"

"సార్, ఇది ఇనేదానికి."

"ఇనేదానికి కాదయ్యా, వచ్చేవాళ్లకు!"

నాగలింగం పాట ఆపాడు. "ఆరు వేలకు సార్, సైజు, సౌండు, రెండిట్లో ఒకటే వస్తాది. మీకేది కావాల?"

"సైజు."

ఆ జవాబు నాగలింగానికి కొత్త కాదని అతని ముఖమే చెప్పింది. "సైజు మాత్రం చాలంటే కొనడం ఎందుకు సార్? కోడంబాక్కం పోండి. బాడుగకు దొరుకుతాది" అన్నాడు.

కోడంబాక్కంలో అది సినిమా షూటింగులకు సామాన్లు అద్దెకిచ్చే గోడౌను. లోపల సింహాసనాలు, కోర్టు బోను, లోపల ఏమీ లేని ఫ్రిజ్‌లు ఉన్నాయి. చూసుకునేవాడి పేరు శ్రీకుమార్. ఊఫర్ అనగానే బిల్లు పుస్తకం తీశాడు.

"ఎవరింటికి? హీరో ఇల్లా, విలన్ ఇల్లా?"

"మా ఇల్లు."

"ఎంత జీతం సార్?"

మునిరత్నం చెప్పాడు.

"అది మిడిల్ క్లాసు ఇల్లు. దానికి ఊఫర్ రాదు సార్. కుట్టుమిషను, గోడ క్యాలెండరు, దగ్గే తాత. తాతకు రోజు బత్తా సపరేటు."

"విలన్ ఇల్లని రాసుకో!"

"ఆ, ఇప్పుడు సరి!"

గ్రైండరు డబ్బులోంచి అద్దె, అడ్వాన్సు పోయి పెట్టె వచ్చింది. పదిహేను ఇంచులు. ముందు నల్ల గుడ్డ, వెనక ప్లైవుడ్, మధ్యలో గాలి. మునిరత్నం ఒక్క చేత్తో ఎత్తాడు. "మీరు తేనక్కరలేదు సార్, సోమవారం మా బండే వస్తాది. చింతాద్రిపేటలో మాకు ఇంకో పార్టీ ఉండాది" అన్నాడు శ్రీకుమార్. ఆ పార్టీ ఎవరని మునిరత్నం అడగలేదు. పెట్టె ఆటోలో పడుతుందా లేదా అనే చింతలో ఉన్నాడు.

పెట్టె హాల్లోకి వచ్చింది. ఇక శబ్దం కావాలి. దాన్ని రంజని కనిపెట్టింది. ఇరవై లీటర్ల వాటర్ క్యాను ఖాళీ చేసి, బోర్లించి, అడుగున అరచేత్తో కొట్టింది. ధమ్!

"సూపర్ పా!" అంది.

అమ్మణి అరచేతికి నూనె రాసుకుంది. "గ్రైండరు డబ్బు మళ్లీ వచ్చేస్తాదని ఒట్టేయండి. అప్పుడు కొడతాను." మునిరత్నం ఒట్టేశాడు.

ఆదివారం సాయంత్రం బ్లాకంతా వచ్చింది. ముందు వరసలో అధ్యక్షుడు, ఆయన పక్కన గ్రౌండ్ ఫ్లోర్ విజయకుమార్. విజయకుమార్ ఒకసారి సింగపూర్ వెళ్లి వచ్చాడు. అందువల్ల ఆయనకు బాస్ తెలుసు. అమ్మణి వంటింట్లో తలుపు మూసుకుని క్యాను ముందు కూర్చుంది. రంజని తలుపుకు ఆనుకుని నిలబడింది. సిక్సర్‌కు తలుపు మీద ఒక తట్టు, వికెట్‌కు రెండు తట్లు.

మొదటి సిక్సర్ పడింది. ధమ్!

"అబ్బా! గుండెలో కొట్టినట్టుండాదే!"

"సింగపూర్లో ఇనింది ఇదే" అన్నాడు విజయకుమార్.

వికెట్ పడింది. ధమ్ ధమ్! మూడో అంతస్తు నుంచి వచ్చిన కలైవాణి గుండె మీద చెయ్యి వేసుకుని, ఇంత సుఖం ఎప్పుడూ అనుభవించలేదని అరవంలో చెప్పింది. ఎవరో లేచి పెట్టెను తాకబోయారు. మునిరత్నం కుర్చీలోంచి సగం లేచాడు.

"తాకరాదు! మోగేటప్పుడు ఊఫర్ను ఎవరూ తాకరాదు!" అని అరిచాడు అధ్యక్షుడు. చెయ్యి వెనక్కి పోయింది. అంత పెద్దమనిషి తన పెట్టెకు కాపలా కాస్తున్నందుకు మునిరత్నం కళ్లు చెమర్చాయి.

ఆఖరి ఓవర్‌లో ఫ్యూజు పోయింది. టీవీ ఆగింది. ఫ్యాను ఆగింది. "అయ్యో!" అని బ్లాకంతా ఒక్క గొంతుతో అరిచింది. తలుపు అవతల అమ్మణికి ఆ అరుపు వినిపించింది. ఇంత పెద్ద అరుపుకు తట్టు కోసం ఎదురుచూడటం ఎందుకనుకుంది.

ధమ్! ధమ్! ధమ్!

హాల్లో అందరూ కరెంటు లేని పెట్టె వైపు చూశారు. గేటు బోర్డులో తన పేరు రాకముందే చెరిగిపోవడం మునిరత్నానికి కనబడింది.

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు.

"అది కదా క్వాలిటీ! మంచి ఊఫర్ కరెంటు పోయినా లోపలుండే సౌండు వదిలేదాకా నిలవదు."

"సింగపూర్లో కూడా అంతే" అన్నాడు విజయకుమార్.

అందరూ తలూపారు. అధ్యక్షుడు అక్కడికక్కడే మునిరత్నాన్ని కల్చరల్ సెక్రటరీగా ప్రకటించాడు. మ్యాచ్ ఎవరు గెలిచారో ఎవరూ అడగలేదు.

సోమవారం పొద్దున బండి వచ్చింది. మునిరత్నం పెట్టెను చంకలో పెట్టుకుని మెట్లు దిగుతున్నాడు. మొదటి అంతస్తులో శ్రీకుమార్ గొంతు వినిపించింది.

"ప్రెసిడెంట్ సార్! నెల బాడుగలో ఉండే మీ పెట్టె కూడా ఇయ్యండి. విలన్ ఇంటికి ఈరోజు జత కావాల. షూటింగు అయినాక తెచ్చిస్తాం!"

తలుపు తెరుచుకుంది. అధ్యక్షుడు బయటికి వచ్చాడు. ఆయన చంకలో పదిహేను ఇంచుల పెట్టె ఉంది. మునిరత్నం మెట్టు మీద ఆగిపోయాడు. ఇద్దరూ ఒకరి చంకలోకి ఒకరు చూసుకున్నారు.

"సర్వీసుకా సార్?" అన్నాడు మునిరత్నం.

"సర్వీసుకే. మీది?"

"మాది కూడా."

శ్రీకుమార్ రెండిటినీ రెండు చేతుల్తో ఎత్తుకుని, ఈల వేసుకుంటూ పోయాడు.

"మరి సార్... మీ ఇంట్లో నేల వణికేది?" అని మునిరత్నం మెల్లగా అడిగాడు.

అప్పుడే కాంపౌండు గోడ అవతల వంతెన మీద లోకల్ రైలు పోయింది. పట్టాల పని ముగిసింది. మెట్లు వణికాయి. అధ్యక్షుడి హాల్లో షోకేసు అద్దాలు గలగలమన్నాయి. లోపల హైమ అలవాటుగా పళ్లేన్ని బల్ల మీద నుంచి చేతిలోకి తీసుకుంది. మునిరత్నానికి ఆదివారాలు, ఎత్తిన చెయ్యి, వార్మప్, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ముప్పై ఏళ్లుగా వింటున్న రైలు ఆ బ్లాకులో ఎవరికీ వినపడదు!

"మీది?" అన్నాడు అధ్యక్షుడు.

"వాటర్ క్యాను సార్."

"నేను అనుకున్నాను. డ్రమ్ము అయితే ఇంకొంచెం లోతు వచ్చేది."

ఆ సాయంత్రం నోటీసు బోర్డు మీద సర్క్యులర్ వెలిసింది. 'వృద్ధుల గుండెల క్షేమం దృష్ట్యా బ్లాకులో సబ్‌ఊఫర్ల వాడకం నిషేధించడమైనది. అతిక్రమించినవారికి ఐదు వందల రూపాయల జరిమానా. తమ తమ ఊఫర్లను త్యాగం చేసిన ఇద్దరు సభ్యులకు సంఘం కృతజ్ఞతలు.' కింద ఇద్దరు సభ్యుల సంతకాలు ఉన్నాయి. అధ్యక్షుడు, కల్చరల్ సెక్రటరీ.

బ్లాకు నిట్టూర్చింది. "అయ్యో, నేను ఈ వారమే ఇరవై ఇంచులది ఆర్డరు చేద్దామనుకున్నానే!" అని ప్రతి ఇంట్లో ఒకరు అన్నారు.

తర్వాతి ఆదివారం విజయకుమార్ రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాడు. తన నెత్తి మీద, అధ్యక్షుడి ఇంట్లో, ఊఫర్ ఇంకా మోగుతూనే ఉంది! విచారణ జరపవలసింది కల్చరల్ సెక్రటరీ. మునిరత్నం ఫిర్యాదీని వెంటబెట్టుకుని అధ్యక్షుడి హాల్లో కూర్చున్నాడు. రైలు పోయింది. అద్దాలు గలగలమన్నాయి.

"ఇన్నారా!" అని విజయకుమార్ ఎగిరి లేచాడు. "ఇరవై హెర్ట్జ్! నన్ను ఏమార్చలేరు, నేను సింగపూర్ చూసినోణ్ణి! పెట్టెను యాడ దాచినారు?"

అధ్యక్షుడు మునిరత్నం వైపు చూశాడు. మునిరత్నం అధ్యక్షుడి వైపు చూశాడు. రైలు అని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట అంటే గడిచిన ఆదివారాలన్నీ రైలే అవుతాయి. అప్పుడు వాటర్ క్యాను ఎన్నాళ్లు దాగుతుంది?

"నేరం రుజువైంది" అన్నాడు మునిరత్నం.

అధ్యక్షుడు జరిమానా కట్టాడు. మునిరత్నం రసీదు రాశాడు: 'అధిక బాస్ కింద, రూ. 500.' అధ్యక్షుడు రసీదును రెండుసార్లు చదివాడు. ఆయన ముఖంలో వెలుగు వచ్చింది. ఆ వారమే దానికి ఫ్రేము కట్టించి, పెట్టె ఉండిన చోట గోడకు తగిలించాడు. వచ్చినవాళ్లందరికీ చూపించాడు. "నిషేధం పెట్టినా మా ఊఫర్ను అణచలేకపోయినాం!"

ఆ తర్వాత సెక్రటరీకి తీరిక లేదు. ముందు విజయకుమార్ వచ్చాడు. మా ఇంట్లో కూడా కొంచెం ఎక్కువైంది సార్, రాసుకోండి అని ఐదు వందలు ఇచ్చాడు. రేడియో కూడా లేని కలైవాణి వచ్చి రెండు రసీదులు కావాలంది. ఒకటి హాల్లోకి, ఒకటి తమ్ముడికి చూపించేదానికి.

గుంపు పోయాక మునిరత్నం ఇంకో రసీదులో తన పేరు రాసుకున్నాడు. అమ్మణి వంటింట్లోంచి తొంగి చూసింది.

"ఏం చేస్తా ఉండారు?"

"ఊఫర్ కొంటా ఉండాను."

"ఎంత?"

"ఐదు వందలు."

"ఎన్ని ఇంచులు?"

మునిరత్నం రసీదు మీద జాన పెట్టి కొలిచాడు. "ఆరు. కానీ బ్లాకంతా ఇనపడతాది."

అమ్మణి లోపలికి పోయింది. మరుక్షణం వంటింట్లోంచి ధమ్మని వినిపించింది. గోడ మీద క్యాలెండరు ఊగింది.

"దీనికి కూడా ఒక రసీదు రాసుకోండి!" అంది లోపలినుంచి. "ఎత్తుకొనిపోయి గ్రైండరు కొట్లో చూపిస్తాను!"