రత్తనా స్టాల్‌లో నా ఇంగ్లీషు చదువు

ఆ ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో ఉన్నవాళ్లు వీరు. సోఫాలో నాన్న, ఆయన ఆఫీసు స్నేహితుడు సూర్యప్రకాశరావు అంకుల్. డైనింగ్ టేబుల్ దగ్గర అమ్మ, అంకుల్ భార్య త్రివేణి ఆంటీ. ఆంటీ పక్కన వాళ్లమ్మాయి ఉజ్వల. గరాజ్‌లో, కార్లు బయట పెట్టగా మిగిలిన జాగాలో, చిన్న స్టవ్ ముందు, చేపల మూకుడుతో నేను. గరాజ్ ఇంట్లో భాగమేనా అని మీరడగొచ్చు. ఇల్లు అమ్మినవాళ్లు అవునన్నారు. అమ్మ కాదంటుంది.

పాఠకులారా, ఇంగ్లీషు నేర్చుకోవడానికి స్కూలు దండగ. కోచింగ్ దండగ. ఫోన్‌లో యాప్ మరీ దండగ. మీ పిల్లల్ని తీసుకెళ్లి, బాగా అరిచే వంటమనిషి పక్కన నిలబెట్టండి!

ఈ మాట ఊరికే అనడం లేదు. వచ్చే ఏడాది ఏ క్లాసులు కావాలో సోమవారం పొద్దుటికల్లా స్కూల్‌కి చెప్పాలి. కలినరీ అని ఒక క్లాసుంది. వంట, బేకింగ్ నేర్పుతారు. నాకది కావాలి. నాన్న ఒప్పుకోవాలి. ఆయన్ని ఎలా అడగాలో ముందు డైరీలో రాసి చూసుకున్నాను. డైరీలో నాన్న వెంటనే ఒప్పుకున్నారు.

మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో నాకు చెప్పిన ఇంగ్లీషు పరీక్ష హాల్లో తప్ప ఎక్కడా పనిచేయదు. ఇప్పుడు అమెరికాలో, ఈ క్యారీ ఊళ్లో చెబుతున్నది ఇంకా కష్టం. “ఈ కథ చదివితే నీకేమనిపించింది?” అంటుంది టీచర్. నాకేమనిపించిందో తెలుగులోనే ఎవరూ అడగలేదు. ఇంగ్లీషులో ఎక్కణ్ణుంచి తెచ్చేది?

రత్తనా ఇలాంటివి అడగదు. ఆమెది శనివారం సంతలో థాయ్ తిండి స్టాల్. అమ్మ కొత్తిమీర కట్టల్ని ఒక్కొక్కటే వాసన చూసి ఎంచుతుంటే, నేను ఆ స్టాల్ ముందు ఆగిపోయాను. కొబ్బరిపాలలో బియ్యప్పిండి కలిపి పెనం గుంటల్లో పోస్తోంది. అచ్చం మన పొంగనాల పెనమే.

“దిస్ అవర్ పాన్,” అన్నాను. ఎవరూ అడక్కుండా నేను అమెరికాలో పలికిన మొదటి ఇంగ్లీషు వాక్యం అది.

“యువర్ పాన్?” రత్తనా తలెత్తలేదు. “దెన్ వై యు స్టాండ్ దేర్? కమ్. టర్న్. క్విక్, బేబీ, బర్నింగ్.”

అంతే. అడ్మిషన్ అయిపోయింది. ఎంట్రన్స్ లేదు, ఇంటర్వ్యూ లేదు!

డిపెండెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ఉద్యోగం చేయకూడదు. నేను చేయను. శనివారాలు అక్కడ నిలబడతాను. నిలబడి గిన్నె పట్టుకోవడం, పట్టుకున్న గిన్నెలో పిండి కలపడం ఉద్యోగం కిందికి వస్తాయో రావో ఎవరినీ అడగలేదు. లాయర్లను ఊరికే శ్రమ పెట్టకూడదు.

ఇక పాఠాలు. స్టాల్‌లో కేకులు, బన్నులు కూడా చేస్తుంది రత్తనా. గిలక్కొట్టిన గుడ్డు నురగను కేకు పిండిలో వేసి గరిటె గిరగిరా తిప్పాను. “నో. ఫోల్డ్,” అని రత్తనా నా మణికట్టు పట్టుకుని, అడుగు నుంచి పైకి మెల్లగా తీయించింది. “యు కిల్ ద ఎయిర్.” పిండిలో గాలి ఉంటుందనీ, దాన్ని చంపిన పాపం మనకు తగులుతుందనీ ఏ టీచర్ చెప్పింది నాకు? నీడ్ అంటే అరచేతి అడుగుతో పిండిని ముందుకు తోయడం. ప్రూఫ్ అంటే ఆ పిండి మీద గుడ్డ కప్పి, అది పొంగేదాకా దాని జోలికి పోకపోవడం. క్రంబ్ అంటే కోసిన కేకు లోపలి గుల్లతనం. సిమ్మర్ అంటే పొంగాలని ఉన్నా పొంగకుండా అడుగున కుతకుతలాడటం. ఇది మాత్రం నాకు చెప్పకుండానే అర్థమైంది.

రత్తనాకు అన్నీ తెలుసని కాదు. ఇండియాలో అందరూ చపాతీలే తింటారని ఆమె గట్టి నమ్మకం.

“ఇండియన్ బ్రెడ్ టూ డ్రై,” అంది ఒకసారి.

“వుయ్ ఈట్ రైస్,” అన్నాను.

“రైస్ ఆల్సో డ్రై.”

వాదన ముగిసింది. ఇంత తేలిగ్గా ముగిసే వాదన మన తెలుగు అసోసియేషన్ మీటింగుల్లో ఎప్పుడైనా చూశారా?

ఈ ఇంగ్లీషు వంటకే పనికొస్తుందనుకోకండి. కాగే గిన్నెతో ఒకరి వెనకాల నుంచి వెళ్లేటప్పుడు ‘బిహైండ్’ అని అరవాలి. అది వంటవాళ్ల పద్ధతి. లేకపోతే వాళ్లు చటుక్కున తిరుగుతారు, ఇద్దరూ కాలతారు. మా స్కూల్ కారిడార్లో బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలు దారికి అడ్డంగా నిలబడతారు. ఇదివరకు వాళ్లు కదిలేదాకా గోడకానుకుని ఉండి, క్లాసుకి లేటుగా వెళ్లేదాన్ని. ఒకరోజు కెమిస్ట్రీ పుస్తకం రెండు చేతులా పట్టుకుని “బిహైండ్! హాట్!” అన్నాను. అంత పొడుగువాళ్లూ గోడలకు అతుక్కుపోయారు. ఎక్స్‌క్యూజ్ మీ అనే మాట మీద నాకు అప్పుడే గౌరవం పోయింది. ప్లీజ్ లేదు, సారీ లేదు, ఇఫ్ యు డోంట్ మైండ్ లేదు. ఎంత హాయైన భాష!

కాబట్టి నాన్నను కూడా ఆ భాషలోనే అడుగుదామని నిశ్చయించుకున్నాను. మాటలు తెలుగువి, పద్ధతి రత్తనాది.

మా వీధి తెలుగువాళ్లందరికీ గరాజే అసలు వంటిల్లు. చేపలు, మసాలాలు, పోపు లోపల పెడితే కార్పెట్‌కీ జాకెట్లకీ వాసన పట్టేస్తుంది. సోమవారం ఆఫీసులో నాన్న పక్క సీటాయన ముక్కు ఎగబీలిస్తే ఎలా? వాసన బయట, రుచి లోపల. ఇదే మా రాజ్యాంగం. మొదటి వాయి ప్లేట్లో సర్దుకుని లోపలికి వెళ్లాను.

“ఏం వేయించిందండీ మీ వర్ష,” అన్నారు అంకుల్ ముల్లు తీస్తూ. “రెస్టారెంట్ ఓపెన్ చేసేయొచ్చు.”

“చేతిలో ఉంది దానికి,” అన్నారు నాన్న. గర్వంగానే అన్నారు.

“మా ఉజ్వలకీ బేకింగ్ పిచ్చి,” అంది ఆంటీ. “కప్‌కేక్స్ చేసి షెల్టర్‌కి ఇస్తుంది. కాలేజ్ అడ్మిషన్‌కి రాసే ఎస్సే మొత్తం దాని మీదే. కౌన్సెలర్ ‘వాట్ ఎ ప్యాషన్’ అన్నాడట.”

“మామ్, అది బాక్స్ మిక్స్, పిండి రెడీమేడ్,” ఉజ్వల ఇబ్బందిగా నవ్వింది. “జస్ట్ ఎగ్స్ యాడ్ చేస్తాను, అంతే.”

“అయినా గ్రేటమ్మా,” అన్నారు నాన్న.

నూనె కాగిందనిపించింది.

“నాన్నా, నేను వచ్చే ఏడాది కలినరీ తీసుకుంటాను. రేపే చెప్పాలి.”

“కలినరీ అంటే?” అమ్మ అడిగింది.

“వంట,” అంది ఆంటీ, ఎవరికో వచ్చిన జబ్బు పేరు చెప్పినట్టు.

“వంటా? క్రెడిట్ వేస్ట్. కంప్యూటర్ సైన్స్ పెట్టు,” అన్నారు నాన్న. “వంటలు చేసుకోడానికా ఇంత దూరం వచ్చింది?” అంటూనే ఇంకో ముక్క వేసుకున్నారు.

“గరిటె పట్టుకున్నవాళ్లకి ఎవడు వీసా స్పాన్సర్ చేస్తాడమ్మా,” అంకుల్ కూడా ప్లేటు ముందుకు జరిపారు.

“మరి ఉజ్వల...”

“తనది హాబీ తల్లీ. అయినా నీకు వంట ఎలాగూ వచ్చుగా. వచ్చినదానికి మళ్లీ క్లాసెందుకు?” అన్నారు నాన్న.

పాఠకులారా, ఈ తర్కంలో ఎక్కడైనా కన్నం కనిపిస్తే చెప్పండి. నాకు కనిపించలేదు. వంట రాని పిల్ల చేస్తే అది ప్యాషన్, వచ్చిన పిల్ల చేస్తే అది ఆదివారం. నేర్చుకుంటానంటే పరువు తక్కువ, వేయించి పెడితే చేతి చలవ.

రత్తనా రోజంతా నా మీద అరుస్తుంది. కానీ నేను ఒక్క మాటంటే, పెనం వదిలి తిరిగి చూస్తుంది. మా ఇంట్లో నా మీద ఎవరూ ఎప్పుడూ అరవలేదు. అంత అవసరం వాళ్లకు రాలేదు.

“నాన్నా, నాకు రానిది చాలా ఉంది,” అని మొదలుపెట్టాను. “పిండి ఎందుకు పొంగుతుందో, ఎప్పుడు...”

“తలుపు తీసిపెట్టి వచ్చావేమిటే, వాసన మొత్తం లోపలికొస్తోంది,” అమ్మ గబగబా లేచింది. నా భుజం మీద చెయ్యి వేసి గరాజ్ మెట్టు దాకా నడిపించింది. “అంకుల్‌కి ఇంకో వాయి వేసి పట్రా. ఈసారి కాస్త కరకరలాడేట్టు,” అని ఖాళీ ప్లేటు నా చేతికిచ్చి తలుపు వేసింది.