మామగారి నడుముకు ఎన్ని స్టార్లు?

రెండు ఆదివారాల కిందట మా ఇంట్లో ఒక ఎలాస్టిక్ మీద పెద్ద రభస జరిగింది.

జబ్బు మొదలయ్యాక మా మామగారు సగానికి సగం చిక్కిపోయారు. పాత ప్యాంట్లు నడుము మీద నిలబడటం లేదు. అందుకని మావారు ఎలాస్టిక్ ప్యాంట్లు మూడు తెప్పించారు. ఇందులో తప్పేముంది చెప్పండి! కానీ మామగారు టైలరింగ్ షాపులో నలభై ఆరేళ్లు కటింగ్ మాస్టరుగా చేసిన మనిషి. మంచం మీద కూర్చుని, ఒక ప్యాంటును చచ్చిన బల్లిని ఎత్తినట్టు రెండు వేళ్లతో ఎత్తి, ఎలాస్టిక్‌ని సాగదీసి వదిలారు. అది ఠప్‌మంది.

"ఇదేంట్రా?"

"ప్యాంటు నాన్నా. ఫ్రీ సైజు. ఐదు స్టార్లున్నాయి. పన్నెండు వేల మంది బాగుందన్నారు."

"ఆ పన్నెండు వేల మందిలో నా నడుమున్నవాడు ఒక్కడైనా ఉన్నాడా?"

"ఇంట్లోనే ఉంటావు కదా నాన్నా, ఇప్పుడెవరికి చూపించాలి నువ్వు?"

"నేను చూసుకోవాలిరా. నాకంటే మొండి కస్టమరు ఎవడున్నాడు?"

ఆ తర్వాత రెండు గంటలపాటు తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. "వాడితో చెప్పమ్మా" అని మామగారూ, "ఆయనతో చెప్పు" అని మావారూ. మధ్యలో నేను పోస్టు బట్వాడా.

ఈ తగవులో నేను ముమ్మాటికీ మావారి పక్షం. అంటే స్టార్ల పక్షం! మనిషి కనిపెట్టినవాటిలో స్టార్ రేటింగంత గొప్పది ఇంకోటి లేదని నా గట్టి అభిప్రాయం. దాని పుణ్యమా అని మనం ఆలోచించడం మానేశాం. ఆ సుఖం ముందు ఏ సుఖం పనికొస్తుంది?

ఒకప్పుడు కుక్కర్ కొనాలంటే పక్కింటావిణ్ణి అడగాలి. ఆవిడ తన కుక్కర్ సంగతితో మొదలుపెట్టి, తోడికోడలి కుక్కర్ మీదుగా, తోడికోడలి గుణగణాల దాకా వెళ్లేది. సాయంత్రమైపోయేది. ఇప్పుడో? నాలుగు పాయింట్ ఆరు! అయిపోయింది.

ఆ మధ్య మా వంటింట్లో కుళాయి కారుతుంటే నాలుగు పాయింట్ ఎనిమిది ప్లంబర్‌ని పిలిచాం. అతను వెళ్లేసరికి కుళాయి ఒకచోట కాదు, రెండుచోట్ల కారుతోంది. నేను ఐదు స్టార్లు నొక్కేదాకా గుమ్మంలోంచి కదల్లేదు. నొక్కాను. అందుకే అతను ఇవాళ్టికీ నాలుగు పాయింట్ ఎనిమిదే! ఎంత పకడ్బందీ ఏర్పాటో చూడండి. పళ్ల డాక్టరు దగ్గర నోట్లో దూది ఉండగానే రిసెప్షన్ అమ్మాయి ఫోన్ చేతికిచ్చింది. అలాగే నొక్కాను.

పెళ్లయిన ఇరవై రెండేళ్లలో "ఇవాళ వంట నీకు నచ్చిందా?" అని నన్నడిగినవాళ్లు లేరు. ప్లంబర్ కంపెనీవాళ్లు మాత్రం నా మనసులో మాట కోసం మూడుసార్లు మెసేజ్ పెట్టారు. ఎవరండీ మనకు ఆత్మీయులు?

ఇక అసలు విషయానికొస్తాను. పోయిన నెల డాక్టరుగారు మమ్మల్ని కూర్చోబెట్టి, ఇక ఏ వైద్యమూ జబ్బును తగ్గించలేదనీ, ఇకమీదట నొప్పి లేకుండా, ఆయన ఉన్నన్నాళ్లూ హాయిగా ఉండేలా చూసుకోవడమే పని అనీ చెప్పారు. దాన్ని హాస్పిస్ అంటారట. నర్సులు ఇంటికే వచ్చి చూసుకుంటారు. ఆ సేవ చేసే సంస్థలు ఊళ్లో చాలా ఉన్నాయి, మంచిదాన్ని ఎంచుకోండి అన్నారు.

మేం భయపడ్డామనుకున్నారా? స్టార్లుండగా భయమెందుకు! మావారు లాప్‌టాప్ తెరిచి పదకొండు గళ్ల పట్టిక వేసి, మందపాటి పెద్ద కాయితం మీద అచ్చు తీశారు. నేను అభిప్రాయాలు చదవడం మొదలుపెట్టాను.

"రిసెప్షన్లో సోఫాలు చాలా మెత్తగా ఉన్నాయి. ఐదు స్టార్లు." "పార్కింగ్ బాగుంది. ఐదు." "ఇంకా చేరలేదు. పేరు బాగుంది. ఐదు." ఎంత చదివినా, ఆ మంచం మీద పడుకున్నవాళ్లు రాసింది ఒక్కటీ కనపడలేదు. ఇంకొకరైతే ఇక్కడ అనుమానపడేవాళ్లు. నేను పడలేదు. వాళ్లకు తీరిక ఉండి ఉండదు.

మొదటి సంస్థకు నాలుగు పాయింట్ తొమ్మిది. మంగళవారం పదకొండు కొట్టేసరికి, ఒక్క నిమిషం అటూ ఇటూ లేకుండా, వాళ్ల కోఆర్డినేటర్ వచ్చింది. చేతిలో ట్యాబ్. ఛార్జింగ్ ప్లగ్గు ఎదురుగోడకి ఉంది కాబట్టి, మామగారికి వీపు పెట్టి కూర్చుంది. మొత్తం నలభై రెండు ప్రశ్నలు.

"పేషెంటుకి నొప్పి ఒకటి నుంచి పది లోపు ఎంతుంటుందండీ?"

మామగారు నోరు తెరిచారు.

"ఫ్యామిలీ మెంబర్ చెప్తే చాలు సార్" అందామె, వెనక్కి తిరక్కుండానే.

మావారు పైకప్పు వంక చూసి ఆలోచించారు. "ఆరు."

"నాలుగు" అని వినపడింది మంచం మీంచి.

"ఆరు వేసేశానండీ. ఇక మార్చలేం."

ఆ తర్వాత ప్రశ్న: పేషెంటు సమయాన్ని ప్రశాంతంగా గడపడానికి ఏం కోరుకుంటున్నారు? ఈసారి మామగారు ఆగలేదు.

"అమ్మాయ్, నాకు పొద్దుటిపూట ఒక్క గంట మిషన్ దగ్గర కూర్చోవాలని ఉంది. నాలుగు ప్యాంట్లకి నడుము తగ్గించుకోవాలి. మందేసుకుంటే మత్తు, వేళ్లు మాట వినవు. వేసుకోకపోతే నొప్పి, నడుము మాట వినదు. ఆ ఒక్క గంటకీ ఏదైనా దారి చూపించు."

ఆమె ట్యాబ్ మీద వేలితో కిందికీ పైకీ వెతికింది. "సంగీతం, తోటపని, ప్రార్థన, పుస్తకాలు. ఈ నాలుగే ఉన్నాయండీ. కుట్టుపని లేదు. సంగీతం పెట్టెయ్యనా?"

సంగీతం పెట్టేసింది.

వెళ్లేముందు కానుకగా ఒక గౌను ఇచ్చింది. లేత నీలం రంగు, వెనకాల ముడి, ఫ్రీ సైజు. మామగారు దాన్ని తిరగేసి లోపలి కుట్టు చూశారు. పైకి ఇస్త్రీ చేసి ఎవడైనా మెప్పిస్తాడు, లోపలికి తిప్పితేనే పనివాడెవడో తెలుస్తుందని ఆయన సిద్ధాంతం.

"ఫ్రీ సైజు అంటే ఏంటో తెలుసా అమ్మా?" అన్నారు నాతో. "కొలతలు తీసుకోడానికి బద్ధకమేసిందని."

ఆ సాయంత్రం నుంచే మెసేజ్‌లు: మా సందర్శన మీకు నచ్చిందా? నచ్చిందని నొక్కాను. ఎంత నచ్చింది? ఎందుకు నచ్చింది? మీ స్నేహితులకు చెప్తారా? ఇంత ఆరాటపడే సంస్థను మీరెక్కడైనా చూశారా!

రెండో సంస్థకు మూడున్నర. పట్టికలో పోల్చడానికి ఇంకో వరస ఉండాలి కదా అని మావారు దాన్ని పిలిచారు, అంతే. "చెప్పిన టైముకి రారు. మూడు స్టార్లు." "ఆఫీసులో సోఫా లేదు. మూడు." "ఉన్నదున్నట్టు చెప్పేస్తారు. రెండు."

గురువారం ఇరవై నిమిషాలు ఆలస్యంగా, గొడుగు మీంచి నీళ్లు కారుతుండగా నర్సు వచ్చింది. నలభై ఐదేళ్లుంటాయి. గొడుగు గుమ్మం బయట పెట్టి, మాకో నమస్కారం పడేసి, బాత్‌రూమ్ ముందున్న ప్లాస్టిక్ స్టూలు తనే తెచ్చుకుని మంచం పక్కన వేసుకుంది.

"మిమ్మల్ని ఏమని పిలవమంటారు?"

"అందరూ మాస్టారంటారు."

"మాస్టారూ, వానలో వచ్చాను, చేతులు చల్లగా ఉన్నాయి. వేడయ్యాక చెయ్యి పట్టుకుంటాను, సరేనా?" అని అరచేతులు రుద్దుకోవడం మొదలుపెట్టింది.

మామగారు ఆమెను అలా చూస్తూ ఉండిపోయారు. ఆ చూపు సంగతి మా ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. కొలతల టేపు చివర ఇనప రేకు ఉంటుంది చూశారూ? చలికాలంలో అది మెడకు తగిలితే మనిషి ఉలిక్కిపడతాడు. నలభై ఆరేళ్లూ ఆయన ఆ రేకును ముందు గుప్పిట్లో పెట్టుకుని వెచ్చబరిచి, "బాబూ, టేపు పెడుతున్నా" అని చెప్పిగానీ కొలత తీయలేదు. అలా చెయ్యనివాణ్ణి షాపులో కత్తెర ముట్టనిచ్చేవారు కాదు.

ఆయన ఆమెకూ గంట సంగతి చెప్పారు.

"ఎన్నింటికి కూర్చుంటారు?"

"పదింటికి."

"అయితే పొద్దుటి మందు టైము కాస్త జరపొచ్చేమో డాక్టరుగారితో మాట్లాడతాను. మొదటిరోజే కుదురుతుందని మాటివ్వలేను. చూసుకుంటూ మార్చుకుంటూ పోవాలి."

"ట్రయల్ అన్నమాట."

"అంతే మాస్టారూ. రెండు మూడు ట్రయల్స్ పట్టొచ్చు."

మావారు పట్టిక పట్టుకుని ముందుకొచ్చారు. రోజుకో కొత్త మనిషి వస్తారా అంటే, తనూ ఇంకో సిస్టరూ తప్ప మూడో మనిషి రారంది. ఆదివారం నొప్పి ఎక్కువైతే ఏం చెయ్యాలి?

"ఫోన్ ఎత్తుతాం. రావడానికి గంట పడుతుంది. ఆ గంటలో ఇవ్వాల్సిన మందు ముందే ఇంట్లో పెడతాం, ఎలా ఇవ్వాలో మీ ఇద్దరికీ నేర్పుతాం."

"యాప్ ఉందా?"

"లేదండీ."

మావారు నిట్టూర్చి ఆ గడిలో సున్నా చుట్టారు.

శనివారం మా వదిన, అంటే మావారి అక్క, వచ్చింది. పట్టిక చూసి గుండెలు బాదుకుంది.

"మూడున్నరా! నాన్నకి మూడున్నరా? నేను మిక్సీ కూడా నాలుగుకి తక్కువది కొనను! మా నాన్నంటే మీకంత లోకువా?"

కళ్లు తుడుచుకుంది కూడా. ఆ మూడున్నరకూ నాలుగు పాయింట్ తొమ్మిదికీ మధ్య ఉన్న తేడా అంతా తండ్రి మీద తనకున్న ప్రేమేనని మా వదిన లెక్క. కాదనడానికి నేనెవర్ని?

అయినా నాకో పాడలవాటుంది. గాజు గ్లాసు కొన్నా ఓసారి వేలితో కొట్టి చూస్తాను. ఆదివారం పొద్దున్నే ఎనిమిదింటికి రెండు సంస్థలకూ ఫోన్ చేశాను.

మొదటివాళ్లు, "మీ కాల్ మాకెంతో ముఖ్యం" అని రికార్డింగ్ వినిపించి పాట పెట్టారు. పదకొండు నిమిషాలు విన్నాను. మామగారి కోసం ట్యాబ్‌లో పెట్టిన సంగీతం బహుశా అదే!

రెండోచోట మూడో రింగుకే నర్సు ఎత్తింది. వెనక కుక్కర్ కూత. మాస్టారి కోడల్నని చెప్పాను. "ఆగండి, స్టవ్ కట్టేస్తా. ఆ, చెప్పండి, మాస్టారికి నొప్పా?"

నాకు సిగ్గేసింది. "లేదమ్మా, ఎత్తుతారో లేదో చూద్దామని చేశాను."

"మంచిపని చేశారు. అందరూ చెయ్యాలి. ఎలాగూ చేశారుగా, నిన్న నిద్ర పట్టిందా ఆయనకి?"

ఆ మాట నేనెవరికీ చెప్పలేదు. పట్టికలో దానికి గడి లేదు.

మధ్యాహ్నం భోజనాలకు కూర్చున్నాం. మావారు కంచం పక్కన పట్టిక పెట్టుకుని గొంతు సవరించుకున్నారు. "అన్నీ కూడితే మొదటివాళ్లకి నూట నాలుగు, రెండోవాళ్లకి..."

గదిలోంచి మామగారు గోడ పట్టుకుని మెల్లగా నడుచుకుంటూ వచ్చారు. ఒంటిమీద ఆయన పాత బూడిదరంగు ప్యాంటు. నడుముకు అతికినట్టుంది! చుట్టూ తెల్లదారంతో పెద్ద పెద్ద కచ్చా కుట్లు. గురువారం నుంచి మంచం మీదే, నొప్పి కాస్త నెమ్మదించినప్పుడల్లా చేత్తో వేసుకున్నారట.

"ఇది ట్రయలే. మిషన్ మీద పడాలి" అంటూ కుర్చీలో కూర్చున్నారు. "బుధవారం నుంచి ఆ నర్సమ్మ వస్తుంది. ఇందాకే ఫోన్ చేసి చెప్పేశాను. పొద్దున పదింటినుంచి పదకొండింటిదాకా నేను మిషన్ దగ్గర ఉంటాను, ఎవరూ పలకరించకండి."

"నాన్నా, వాళ్లకి మూడున్నరే!" అంది వదిన. "టైముకే రారట!"

"నేను నలభై ఆరేళ్లలో ఒక్క చొక్కా చెప్పినరోజుకి ఇచ్చానా? నాకెన్ని వేస్తావే?"

వదినకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి రావడంతో పొలమారింది. నేను నీళ్లందించాను.

మావారు చిన్నబుచ్చుకున్నారు. "వారంరోజులు కష్టపడి పట్టిక వేశాను. చెప్పేముందు నన్నొక్కమాట అడగొచ్చుగా నాన్నా?"

"నన్నెవరడిగార్రా?"

మావారు పట్టికను మొదటి గడి నుంచి చివరి గడి దాకా వేలు పెట్టి మళ్లీ చూసుకున్నారు. తర్వాత మెల్లగా మడత పెట్టబోయారు.

"మడవకు, ఇలా తే" అన్నారు మామగారు. "కాయితం మందంగా ఉంది. రెండో ప్యాంటుకి నమూనా కత్తిరించుకుంటా. నీ ఎలాస్టిక్‌వి మూడూ నువ్వే వేసుకో. నీ పొట్టకి ఇకమీదట అవే గతి."

స్టార్ల మీద నా భక్తి ఏమాత్రం సడలలేదని ఇందుమూలంగా మనవి చేసుకుంటున్నాను. మావారు ఆ ఎలాస్టిక్ ప్యాంటు ఒకటి అప్పుడే వేసుకుని చూసుకున్నారు. చాలా హాయిగా ఉందట.

ఐదు స్టార్లు!