చెరువు ఒడ్డున నిద్రకు అనుమతి

మనిషి విశ్రాంతి తీసుకోవాలంటే ముందు దానికి తగిన క్రమశిక్షణ ఉండాలి. ఎవరికి వాళ్ళు ఇష్టం వచ్చినట్టు అరుగు మీద ఒరిగి సేదతీరే కాలం పోయింది. ఇప్పుడు విశ్రాంతికి యాప్ ఉంది, అధికారి ఉన్నాడు, చేతికి కట్టే రంగు పట్టీ ఉంది. ఈ మూడూ లేకుండా కునుకు తీసేవాణ్ణి అలిసిపోయినవాడు అంటారు తప్ప విశ్రాంతి తీసుకున్నవాడు అనరు.

శాలిబండలో బర్రెలు పెట్టుకుని బతికే కొండల్‌కు ఈ సంగతి చాలా కాలం తెలియదు. (బర్రెలకు ఇంకా తెలియదు.)

కొండల్ తక్కువ మాట్లాడే మనిషి. ఆయన వంతు మాటలు కూడా భార్య పుష్పమ్మే మాట్లాడేది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఆమె తెల్లవారుజామున నాలుగింటికి లేచి పాలు పిండుతోంది. పండుగ లేదు, జ్వరం లేదు. కర్ఫ్యూ పెట్టిన రోజుల్లో కూడా పిండింది. కర్ఫ్యూ సంగతి బర్రెలకు ఎవరూ చెప్పలేదు.

వాళ్ళ కూతురు వర్షిత ఒక కంపెనీలో పనిచేస్తుంది. బాగా కష్టపడినందుకు ఆ కంపెనీవాళ్ళు ఆ పిల్లకు సెలవు ఇవ్వకుండా, తల్లిదండ్రులకు సఫారీ లాడ్జి కూపన్ ఇచ్చారు.

"మమ్మీ, చెరువు పక్కన ఉంటది. జింకలు, నెమళ్ళు, నసీబుంటే చిరుత గూడ కనబడుతది" అంది వర్షిత.

"జంతువులు నాకు కొత్తనా? పొద్దుగాల లేస్తే వాటి మొహమే కదనే చూసేది" అంది పుష్పమ్మ. "ఎండ మొహం మీద పడేదాక పండుకోవాలె. నా పెండ్లయినకాడికెల్లి ఒక్కసారి గట్ల పండుకోలేదు. గట్లుంటదా ఆడ?"

"గదే కద మమ్మీ హాలిడే అంటే."

అప్పుడు కొండల్ నోరు తెరిచాడు. "పండుకో. నిన్నెవడు లేపుతడో నేను జూస్త."

ఆయన ఒక్కసారే అన్ని మాటలు అనడం ఇంట్లో ఎవరూ ఎరగరు.

పాలు పిండే పని పుష్పమ్మ తమ్ముడు ఎల్లేష్‌కు అప్పజెప్పారు. ఒక చిక్కుంది. లచ్చి అనే పెద్ద బర్రె పుష్పమ్మ చెయ్యి తగిలితే తప్ప పాలు చేపదు. వేరేవాళ్ళు పిండాలంటే పుష్పమ్మ కట్టి విడిచిన పాత ఆకుపచ్చ చీర కప్పుకుని కూర్చోవాలి. ఆ వాసనకు అది మోసపోతుంది, లేదా మోసపోయినట్టు ఊరుకుంటుంది. ఎల్లేష్‌కు ఒత్తయిన మీసం ఉంది. అయినా ఒప్పుకున్నాడు.

దబీర్‌పురా స్టేషన్ దగ్గర చాయ్ హోటల్ నడిపే నజీర్‌కు రోజూ వీళ్ళ పాలే వెళ్తాయి. ఆయన వచ్చి ధైర్యం చెప్పాడు.

"ఫికర్ మత్ కరో కొండలన్నా, నేను దగ్గరుండి చూసుకుంట. ఎల్లేష్ మియా, చీరల మస్తుంటవు నువ్వు. మీసం మీద జర కొంగు కప్పుకో, బర్రె భయపడుతది."

అలా అన్ని ఏర్పాట్లూ చేసుకుని మొగుడూపెళ్ళాలు బయలుదేరారు.

వనహాయి లేక్ సఫారీ లాడ్జి చెరువు ఒడ్డునే ఉంది. చెరువు ఉన్నదన్న సంగతి మాత్రం బోర్డు చదివి నమ్మాలి. గదుల్లోంచి మనుషులు చూస్తే కొంగలు ఇబ్బంది పడతాయని కిటికీ పరదాలను గోడకు కలిపి బిగించేశారు. చెరువు చూడదలచినవాళ్ళు చెరువు దర్శన వేదిక దగ్గర లైన్‌లో నిలబడి, వంతు రాగానే చూసి, వెనకవాళ్ళకు చోటివ్వాలి. (రెండోసారి చూడాలంటే మళ్ళీ చివరి నుంచి రావాలి.)

వీళ్ళను విశ్రాంతి సమన్వయాధికారి కృపాకర్ ఎదుర్కొన్నాడు. ఖాకీ నిక్కరు, మెడలో ఈల, నడుముకు వాకీటాకీ. ఇద్దరి చేతులకూ పట్టీలు కట్టి, ఫోన్లలో యాప్ ఎక్కించి, నియమాలు చదివాడు.

"అడవిలో జంతువు కనబడినప్పుడు కదలరాదు, మాట్లాడరాదు, పక్కవాళ్ళను తట్టరాదు. జంతువు తనంతట తాను వెళ్ళిపోయే వరకు జీపు కదలదు. ఇది జంతువు హక్కు."

"మరి మన హక్కులేంది సారూ?" అని అడిగింది పుష్పమ్మ.

"అవి యాప్‌లో ఉన్నాయి మేడమ్. అప్‌డేట్ అవుతున్నాయి."

"మంచిది. రేపు నన్నెవరు లేపద్దు. ఎండొచ్చేదాక పండుకుంట."

"తప్పకుండా మేడమ్. నిద్ర మీ ప్యాకేజీలోనే ఉంది, నాలుగింటి వరకు. ఆ తర్వాత సూర్యోదయం. సూర్యోదయం తప్పనిసరి."

"నేను రోజూ జూస్తనే ఉన్న గద సారూ."

"అది సిటీ సూర్యోదయం మేడమ్" అన్నాడు కృపాకర్ జాలిగా.

పుష్పమ్మ మొగుడి వైపు చూసింది. ఇంట్లో ఆయన ఇచ్చిన మాట ఇద్దరికీ గుర్తుంది.

సాయంత్రం కొండల్ ఒక్కడే కౌంటర్ దగ్గరికి వెళ్ళాడు.

"సారూ, నా పెండ్లాన్ని రేపు లేపద్దు."

"దానికి నిద్ర మినహాయింపు ఉంది సార్. అతిథి స్వయంగా వచ్చి దరఖాస్తు చేసుకోవాలి. కౌంటర్ మూడున్నరకు తెరుస్తాం."

"పొద్దుగాలనా?"

"తెల్లవారుజామునే సార్. రాత్రిపూట నిద్ర అందరికీ వస్తుంది. నిజంగా ఎవరికి అవసరమో ఆ టైములోనే తేలుతుంది."

"మూడున్నరకు లేసినంక ఇగ పండుకునుడేంది?"

"చాలామంది అతిథులు ఈ పాయింటు లేవనెత్తారు సార్. అందువల్లే ఇప్పటిదాకా ఈ మినహాయింపు ఒక్కసారి కూడా దుర్వినియోగం కాలేదు."

కొండల్ ఆలోచించాడు. "ఆమె బదులు నేనొస్త."

"ఆమె ముఖం స్కాన్ చేయాలి సార్. కళ్ళు తెరిచి ఉండాలి. ఆమె నిద్రలో ఉన్నట్టు ధ్రువీకరించడానికి."

కొండల్ దగ్గర మాటలు అయిపోయాయి. ఆయన తెచ్చుకున్నవే కొద్ది.

ఇక ఆయన తన పద్ధతిలో తాను ఏర్పాటు చేసుకున్నాడు. ఇంకా చీకటి ఉండగానే లేచి, గది ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. లోపల పుష్పమ్మ గురక సాఫీగా సాగుతోంది. కాసేపటికి మేలుకొలుపు విభాగం నుంచి ఒకాయన పెద్ద డప్పుతో వచ్చాడు. (అతిథులు అడవి ఒడిలో మేల్కొన్న అనుభూతి పొందడానికి ఈ డప్పును సిటీ నుంచి తెప్పించారు.) కొండల్ లేచి ఆయన చేతిలోని పుల్లలు పట్టుకున్నాడు.

"డ్యూటీ సారూ" అన్నాడు డప్పాయన.

"ఆ చెట్టుకాడ చేసుకో డ్యూటీ."

డప్పాయన కొండల్ ముఖం చూశాడు. చెట్టు దగ్గరికి వెళ్ళి, డప్పు మీద వేళ్ళతో నాలుగుసార్లు తట్టి, యాప్‌లో టిక్కు పెట్టుకుని పోయాడు. గురక ఆగలేదు. మాట నిలబెట్టుకున్న మనిషి ఎలా కూర్చుంటాడో అలా కూర్చున్నాడు కొండల్.

అప్పుడే ఫోన్ మోగింది. ఎల్లేష్.

"బావా! ఆకుపచ్చ చీర యాడుంది? ఇల్లంత దేవులాడినం, దొరుకుతలేదు. లచ్చి నన్ను దగ్గరికే రానిస్తలేదు. నజీర్ భాయ్ వాళ్ళింట్లకెల్లి ఆకుపచ్చ దుపట్టా తెచ్చిండు. లచ్చి దాన్ని వాసన చూసి బకెట్ తన్నింది..."

లైను తెగిపోయింది. కొండల్ తలుపు సందులోంచి చూశాడు. ఆకుపచ్చ చీర నాలుగు మడతలుగా పుష్పమ్మ తల కింద ఉంది. ఆ చీర తల కింద లేకపోతే ఆమెకు నిద్ర పట్టదు. నిద్రపోవడానికే వస్తున్నాం కదా అని ముందుగా దాన్నే సంచిలో పెట్టింది. ఎల్లేష్‌కు ఇవ్వాల్సిన చీరా అదేనన్న సంగతి ఆమెకు తట్టలేదు, సంచి మోసిన కొండల్‌కూ తట్టలేదు.

ఆయనకు రెండూ తెలుసు. పుష్పమ్మను లేపకూడదు. లచ్చిని పిండకుండా వదిలేస్తే పొదుగు బిగిసి, అది రోజంతా నొప్పితో అరుస్తుంది. లాడ్జి నియమాల్లో దీనికి దారి లేదు. (యాప్‌లో బర్రె అనే విభాగమే లేదు.) ఫోన్ పట్టుకుని నెట్‌వర్క్ కోసం అటూ ఇటూ తిరుగుతూ, "హలో... లచ్చి ఎట్లున్నది?" అన్నాడు, ఎంత మెల్లగా అనాలో అంత మెల్లగా.

గురక ఆగిపోయింది.

"లచ్చికేమైంది?" అంటూ పుష్పమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

డప్పు లేపలేని మనిషిని ఆ ఒక్క పేరు లేపింది.

ఆ లాడ్జి మొత్తంలో ఫోన్ సిగ్నల్ సరిగ్గా అందే చోటు ఒక్కటే. అక్కడ చెరువు గట్టున నిశ్శబ్ద మండలం అని బోర్డు ఉంది. పుష్పమ్మ ఆ బోర్డుకు ఆనుకుని, ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి గొంతెత్తింది.

"తమ్మీ, ఫోన్ దాని చెవుకాడ పెట్టు! నజీర్ భాయ్, మీరు పట్టుకోండ్రి, వాని చేతులు ఖాళీగుండాలె! ఆ... ఓ లచ్చీ! ఓ నా బంగారు తల్లీ! ఇయ్యి బిడ్డా, నేనే ఉన్న, యాడికి పోలే..."

కొంగలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. కృపాకర్ పరుగెత్తుకుంటూ వచ్చి ఈల నోట్లో పెట్టుకున్నాడు. నిశ్శబ్ద మండలంలో ఈల ఊదరాదన్న నియమం తనదే కాబట్టి అలాగే పెట్టుకుని నిలబడ్డాడు.

"భాభీ!" నజీర్ గొంతు ఫోన్‌లోంచి మోగింది. "ధార పడింది! ఎల్లేష్, ఖీంచ్! మాషా అల్లా! దబీర్‌పురాకు చాయ్ ఉన్నది భాభీ ఇయ్యాల!"

పుష్పమ్మ ఫోన్ పెట్టేసి కళ్ళు తుడుచుకుంది. కృపాకర్ నోట్లోంచి ఈల తీశాడు.

"మేడమ్ ఎలాగూ మేల్కొన్నారు. యాప్‌లో కూడా పడిపోయింది. జీపు సిద్ధంగా ఉంది."

జీపులో కెమెరాల కుటుంబం ఒకటి ముందే కూర్చుని ఉంది. పుష్పమ్మ చీర మడత తెచ్చుకుంది. ఎక్కేటప్పుడు మొగుడితో, "పోనీ తియ్యయ్యా, రాసిపెట్టి లేదు" అంది. ఆమె చీరను ఆయన భుజం మీద పెట్టి, దాని మీద తల వాల్చింది. జీపు అడవిలోకి మలుపు తిరిగేలోపే నిద్రపోయింది.

తూర్పు తెల్లబడుతుండగా కృపాకర్ చెయ్యెత్తాడు. జీపు ఆగింది. దారి పక్కన బండ మీద చిరుత ఉంది.

కెమెరాలు లేచాయి. ఆ కుటుంబంలోని ఆడమనిషి పుష్పమ్మను చూసి, పాపం లేపండి అన్నట్టు సైగ చేసింది. కృపాకర్‌కూ అదే న్యాయమనిపించింది. అతిథికి చిరుతను చూపించడం సంస్థ బాధ్యత. పుష్పమ్మ మోచేతిని తట్టబోయాడు. కొండల్ ఆయన మణికట్టు పట్టుకుని చెవిలో అన్నాడు.

"జంతువున్నది సారూ. తట్టరాదు."

కృపాకర్ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. నియమం నియమమే.

చిరుత వాళ్ళందరినీ ఒకసారి చూసింది. ఆవులించింది. ముందు కాళ్ళ మీద తల పెట్టుకుని పడుకుంది. (దానికి చేతి పట్టీ లేదు.)

జంతువు తనంతట తాను వెళ్ళే వరకు జీపు కదలదు. జీపు కదల్లేదు. కెమెరాల బ్యాటరీలు అయిపోయాయి. వాకీటాకీలో అల్పాహార విభాగంవాళ్ళు, ఇడ్లీ సమయం ముగుస్తోంది, ఎక్కడున్నారు అని గుసగుసగా అడుగుతూ పోయారు. మాట్లాడరాదు కాబట్టి కృపాకర్ సమాధానం చెప్పలేదు. ఆయన కాలు తిమ్మిరెక్కింది. కదలరాదు కాబట్టి తిమ్మిరెక్కిన కాలితోనే ఉన్నాడు.

ఎండ ఆకుల మధ్య నుంచి దిగి, జీపు కమ్మీల మీదుగా పుష్పమ్మ చేతి గాజుల మీదికి వచ్చింది. మెడ మీదికి వచ్చింది. అక్కడ ఆగింది. పైన కొండల్ తల అడ్డం ఉంది.

కొండల్ చిరుత వైపు చూశాడు. కృపాకర్ వైపు చూశాడు. నియమం తప్పి, తలను మెల్లగా పక్కకు వంచాడు.

ఎండ ఆమె ముఖం మీద పడింది. ఆమె లేవలేదు. ఇంకా చాలాసేపు లేవలేదు. లేచాక ముందు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎండనా?"

"ఎండనే" అన్నాడు కొండల్.

ఆ మాటకు చిరుత లేచి, ఒళ్ళు విరుచుకుని, పొదల్లోకి వెళ్ళిపోయింది.

వెళ్ళేరోజు అందరికీ విశ్రాంతి పత్రాలు ఇచ్చారు. పుష్పమ్మకు ఇవ్వలేదు. సూర్యోదయం చూడలేదు, చిరుతను చూడలేదు, విశ్రాంతి సున్నా అని యాప్ తేల్చింది. కృపాకర్ చాలా బాధపడ్డాడు. "ఈసారి వచ్చినప్పుడు తప్పకుండా విశ్రాంతి తీసుకుందురు మేడమ్" అన్నాడు.

నెల దాటాక ఒక తెల్లవారుజామున, పుష్పమ్మ లచ్చి దగ్గర కూర్చుని పాలు పిండుతోంది. రాత్రి డ్యూటీ దిగి ఇంటికొచ్చిన వర్షిత ఫోన్ చూస్తూ కొట్టంలోకి వచ్చింది.

"మమ్మీ, ఆ లాడ్జోళ్ళు కొత్త ప్యాకేజీ పెట్టిండ్రు. నిద్ర సఫారీ అంట. చిరుత పక్కన జీపుల పండుకునుడు. నీ ఫోటోనే ఏసిండ్రు సూడు."

పుష్పమ్మ ధార ఆపలేదు.

"ఎన్నింటికి లేపుతరట?"

"మూడింటికి."

పుష్పమ్మ లచ్చి పొదుగుకు తల ఆనించింది.

"గిదే నయం. నాలుగు దాక పండుకోనిస్తది."