మగన్‌దాదా పటమూ, ముగ్గురు నిర్దోషులూ

మానవజాతి పాపాలకు పరిహారం ఏ పద్ధతిన జరిగిందో శాశ్వతంగా తేల్చిపారేసే అధికారం, సూరత్ మహానగరంలో, ఆల్థాన్ దాటాక కుడివైపు రెండో గల్లీలో ఉన్న ఉమాధామ్ సొసైటీ హాలుకు దఖలు పడింది! రెండు వేల ఏళ్ళుగా మహామహా పండితులకు తెగని సంగతి ఇక్కడ ప్రతి ఆదివారం తొమ్మిది నుంచి పన్నెండు దాకా తెగుతూ ఉంటుంది. పన్నెండున్నరకు హాలు యోగా వాళ్ళకు ఇవ్వాలి కాబట్టి మిగిలింది వచ్చే వారానికి వాయిదా.

ఆ హాలుకు చౌకీదారును నేను. పేరు బుచ్చిరాములు. జగిత్యాల దగ్గరి పల్లెలో ఏడో తరగతి దాకా చదివి, ఈ ఊరి పాండేసరలో ఇరవై రెండేళ్ళు మరమగ్గాలు నడిపి, ఛాతీలో దూది పేరుకున్నాక ఈ పనికి వచ్చాను. హాలు వెనక ఒక గది ఇచ్చారు. నేనూ నా భార్య లలితమ్మా అందులోనే. పని పోతే గది పోతుంది, గది పోతే ఈ ఊళ్ళో మాకు తల దాచుకునే చోటు లేదు. నేను ఎక్కువ మాట్లాడను. మగ్గాల మోతకు నా చెవులు పోయాయని, దగ్గరికొచ్చి గట్టిగా చెప్తే తప్ప వినపడదని అందరూ అనుకుంటారు. నేనూ కాదనలేదు. చెవిటివాడి ముందు జనం మాట్లాడుకునే మాటలు ఇంకెక్కడా వినపడవు.

ఆదివారం అక్కడ కూడేది తెలుగు క్రైస్తవుల సంఘం. పెద్దలు ముగ్గురు. రామమోహనరావు గారు హజీరాలో ఒక పెద్ద కంపెనీలో సేఫ్టీ మేనేజరు. మనం నేరస్థులం, శిక్ష ఖాయమైంది, క్రీస్తు మన స్థానంలో నిలబడి ఆ శిక్ష అనుభవించాడు, ఫైలు మూసేశారు అన్నది ఆయన మతం. సంపత్ పాండేసరలో అద్దకం మిల్లు మేస్త్రీ. ఫైలూ లేదు, కోర్టూ లేదంటాడు. సైతాను మనల్ని పట్టి బంధించాడు, క్రీస్తు చావులోకే చొరబడి తలుపులు విరగ్గొట్టి మనల్ని బయటికి తెచ్చాడు, అది యుద్ధం. కమలాదేవమ్మ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఒకరు పోలీస్ స్టేషను పెట్టారు, ఇంకొకరు కుస్తీ పెట్టారు అంటుంది. రక్తం చూస్తే తప్ప శాంతించనివాడు దేవుడెట్లా అవుతాడు? ఆ ప్రేమను చూసి మన రాతిగుండెలు కరగాలి, మనం మారాలి, అంతే.

నాకు మూడూ బాగానే ఉన్నట్టు తోచేది. ఒక మనిషి అంత పని చేస్తే ముగ్గురు మూడు తీర్లుగా చెప్పుకోవడంలో వింతేముంది? కానీ ఆ మాట అనడానికి నేను సభ్యుణ్ణి కాను. వాళ్ళు మాత్రం ఆరాధన కాగానే చాయ్ కూడా మూడు మూలల్లో నిలబడి తాగేవాళ్ళు. రావు గారి మూలకు చెందినవాడు పొరపాటున సంపత్ మూలలో బిస్కెట్ తీసుకుంటే, వచ్చే ఆదివారం ప్రసంగంలో వాడి ప్రస్తావన వచ్చేది.

ఒక్క విషయంలో ముగ్గురిదీ ఒకే మాట. హాలు గోడకు, సొసైటీని కట్టించిన మగన్‌దాదా పటం ఉంది. దాదా పోయాడు. కొడుకు జయంతీభాయి శేఠ్ ఇప్పటి ఛైర్మన్. పటాన్ని ఎవరూ ముట్టుకోకూడదన్నది శేఠ్ పెట్టిన ఒకే ఒక షరతు. ఆరాధన వేళ వీళ్ళు దాని మీద దుప్పటి కప్పేవాళ్ళు. ముట్టుకోవడం లేదు, కప్పుతున్నాం అని రావు గారు వివరించారు.

ఈస్టరుకు వారం ముందు, మట్టల ఆదివారం నాడు ముగ్గురూ మూడు బ్యానర్లతో దిగారు. మంచి శుక్రవారానికి వేదిక వెనక కట్టాలట. క్రీస్తు ఎందుకు చనిపోయాడో ఒక్కో బ్యానరు మీద ఒక్కో కారణం. గోడకున్న మేకులు రెండు కారణాలకు సరిపోయాయి. మూడో కారణానికి మిగిలింది దాదా మేకు. నేను లోపలికి రాబోతే రావు గారు చెయ్యి అడ్డం పెట్టి, ఇది సంఘం అంతరంగిక విషయం, గేటు దగ్గర ఉండు అన్నారు. గేటు దగ్గరి నుంచి కిటికీలో అంతా కనపడుతుంది. ముగ్గురూ మూడు ప్లాస్టిక్ కుర్చీలెక్కారు. ఒకరు పటాన్ని పైకెత్తారు. ఒకరు కిందికి లాగారు. ఒకరు ప్రేమతో వదలమని బతిమాలారు గానీ తాను వదల్లేదు. దాదా నేలకు దిగాడు. అద్దం పగిలి, చెవి నుంచి గడ్డం దాకా బొమ్మ చీరుకుపోయింది.

సోమవారం శేఠ్ వచ్చి చూశాడు. అరవలేదు. పైసలు అడగలేదు. తప్పు చేసినవాళ్ళు పటం ముందు నిలబడి 'మా వల్ల తప్పయింది' అని ఒక్క మాట అంటే చాలన్నాడు. శుక్రవారం పొద్దుటికి ఆ మాట వినపడకపోతే హాలుకు తాళం. తప్పు చౌకీదారుదే అని తేలితే మాత్రం చౌకీదారు ఉండడు.

మంగళవారం సంఘం కమిటీ కూర్చుంది. మూడు గంటలు నడిచింది. నేనే చాయ్ పోశాను. మానవులందరూ పాపులే అన్నదాని మీద వెంటనే ఏకగ్రీవం కుదిరింది. వాళ్ళలో పటం పడేసిన పాపి ఎవరన్నదాని మీద కుదరలేదు. రావు గారు మినిట్స్‌లో 'పటము పడిపోవుట జరిగినది' అని రాసుకున్నారు. ఇది సైతాను పనేనని సంపత్ తేల్చాడు. అయితే శుక్రవారం పొద్దున సైతానును హాజరుపరచడం అతని చేతిలో లేదు. కమలాదేవమ్మ అందరం ఆత్మపరిశీలన చేసుకోవాలంది. తాను అప్పటికే చేసుకున్నానని, అందులో ఏమీ కనపడలేదని కూడా చెప్పింది.

అప్పుడు ముగ్గురి చూపూ ఒకేసారి చాయ్ కెటిల్ మీద పడింది. కెటిల్ నా చేతిలో ఉంది.

బుధవారం ఒకరి తర్వాత ఒకరు మా గదికి వచ్చారు. ఎవరి సిద్ధాంతం వాళ్ళు వెంట తెచ్చుకున్నారు.

"చూడవయ్యా, తప్పు ఎవరిదన్నది కాదు పాయింటు" అన్నారు రావు గారు. "శిక్ష ఎవరో ఒకరు తీసుకుంటే న్యాయం పూర్తయిపోతుంది. నువ్వు ఒప్పేసుకో."

సంపత్ నా భుజం మీద చెయ్యేశాడు. "బుచ్చన్నా, శేఠ్ తీసేస్తే తీసెయ్యనీ. మూడు దినాలల్ల మా మిల్లుల నిలబెడత నిన్ను. గెలుపు మనదే." మిల్లులో మనుషులను తగ్గిస్తున్నారని పోయిన ఆదివారం చాయ్ దగ్గర చెప్పింది ఇతనే. నేను చెవిటివాణ్ణి కదా.

కమలాదేవమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "బుచ్చిరాములు గారూ, మీరీ త్యాగం చేస్తే మా అందరి గుండెలూ కరిగిపోతాయి." ఈ పనికి వచ్చిన మూడేళ్ళలో నా పేరు వెనక 'గారు' చేరడం అదే మొదలు.

ఎన్నడూ కుదరని సంధి అట్లా కుదిరింది. నేను బలి కావాలన్నదాంట్లో తేడా లేదు. ఎందుకన్నదాంట్లోనే తేడా.

పొయ్యి దగ్గర రొట్టె కాలుస్తూ లలితమ్మ అంతా విన్నది. వాళ్ళు పోయాక అన్నది, "ఆ పని ఆయన ఒక్కసారే అందరి కోసం చేసిండని వాళ్ళే చెప్తరు గదా. మళ్ళ నిన్నెందుకు అడుగుతున్నరు? ఆయనది చాలలేదా?"

ఆ ప్రశ్న ఆ హాలులో ఎవరూ వేయగా నేను వినలేదు. ఉన్న నాలుగు సామాన్లూ ఏ సంచిలో పడతాయో చూసుకుంటూ కూర్చున్నాను. పెద్దలకు నేను అవుననలేదు, కాదనలేదు. దాన్ని వాళ్ళు అవుననుకున్నారు.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి శేఠ్ కొత్త అద్దం బిగించిన పటం పట్టుకుని వచ్చాడు. సంఘమంతా తెల్లబట్టల్లో నిలబడి ఉంది. తప్పు ఎవరిదని శేఠ్ హిందీలో అడిగాడు. ముగ్గురూ నా వైపు చూశారు. నేను ముందుకు జరిగాను.

"శేఠ్‌జీ, మొయ్యడానికి నేను తయారు. ఎవరెవరి తప్పు మొయ్యాలో వాళ్ళనే చెప్పమనండి."

శేఠ్ రావు గారి వైపు తిరిగాడు. ఆయన తన వైపు ఏ లోపమూ జరగలేదన్నారు. సంపత్ తల అడ్డంగా ఊపాడు. కమలాదేవమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థనలోకి వెళ్ళింది. శేఠ్‌కు ఏదో సందేహం వచ్చి, ఇవ్వాళ వీళ్ళకు పండుగ ఏమిటని నన్నే అడిగాడు. వీళ్ళ పాపాల కోసం ఒకాయన ప్రాణమిచ్చిన రోజు అని చెప్పాను.

శేఠ్ అందరినీ ఒకసారి చూశాడు. "ఏ పాపాలు? ఇక్కడ ఎవరూ ఏమీ చేయలేదు కదా."

తాళం వేసి చెవి జేబులో వేసుకున్నాడు. మంచి శుక్రవారం ఆరాధన గేటు బయట, ఎండలో, ఆటోల హారన్ల మధ్య జరిగింది.

శనివారం నాటికి అద్భుతం జరిగింది. సంఘం చరిత్రలో తొలిసారి ముగ్గురూ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టారు. రావు గారు ఇంగ్లిష్‌లో రాస్తానంటే, తనకు అర్థం కానిదాని మీద సంతకం పెట్టనని సంపత్ అన్నాడు. అందుకని తెలుగులో రాశారు. శేఠ్‌కు తెలుగు రాదు. వాళ్ళు ఇచ్చి వెళ్ళాక ఆ కాగితం నా చేతికిచ్చి, చదివి హిందీలో చెప్పమన్నాడు.

'మేము ముగ్గురమూ కుర్చీలెక్కి పటమును గోడ నుండి దించుచుండగా, చౌకీదారు కుర్చీలు పట్టుకొనక నిర్లక్ష్యము వహించినందున పటము పడిపోవుట జరిగినది. కావున అతనిని తక్షణమే ఉద్యోగము నుండి తొలగించి హాలును తెరిపించవలసిందిగా ప్రార్థన.'

ఒక్క ముక్క మింగలేదు. చివరి వాక్యం దగ్గర దగ్గు వచ్చింది. అదీ చెప్పేశాను.

"కుర్చీలెక్కి దించింది ఎవరు?" అన్నాడు శేఠ్.

"ఈ ముగ్గురే."

"తామే రాసి సంతకాలు పెట్టారా?"

"పెట్టారు."

శేఠ్ కాగితం మడిచి పటం వెనక దోపాడు. "నేను అడిగింది వచ్చింది" అని తాళం చెవి నాకిచ్చాడు.

నేను కదల్లేదు. "మరి నన్ను తీసెయ్యమన్న ముక్క?"

"అది నేను అడగలేదు."

పునరుత్థాన ఆదివారం పొద్దున్నే హాలు తెరిచాను. సంఘం పొంగిపోయింది. తాము నేరం ఒప్పుకున్నామని పెద్దలు ముగ్గురికీ ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. తమ ఉత్తరం శేఠ్‌ను కదిలించిందని వాళ్ళ ఆనందం. నన్ను ఇంకా ఎందుకు తీసెయ్యలేదో మాత్రం వాళ్ళకు అంతుపట్టలేదు. అయినా పెద్దమనసు చేసుకున్నారు. ఆరాధన చివర నన్ను లోపలికి పిలిచి, అందరి మధ్యా నిలబెట్టి, ముగ్గురూ నా తల మీద చేతులుంచి, కుర్చీలు పట్టుకోకపోయిన నా పాపాన్ని క్షమించమని దేవుణ్ణి వేడుకున్నారు.

సంఘమంతా ఆమెన్ అన్నది. మూడు చేతులూ మంచి బరువున్నాయి.