రీడు నానే వేళ

…అయినా, నోట్లో రీడు నానుతున్న మనిషిని అభిప్రాయం అడగడం ఏ రకంగా న్యాయం అని నగర వాద్యబృందంలో మొదటి క్లారినెట్ వాయించే ఆయన తన కుర్చీలో కూర్చుని ఆలోచిస్తున్నాడు. ఎదురుగా అధ్యక్షులవారు మాట్లాడుతున్నారు. రీడు అంటే ఏమిటో తెలియకుండానే చప్పట్లు కొట్టే శ్రోతలు మా ఊళ్ళో ఎక్కువ కాబట్టి చెప్పవలసి వస్తోంది. అది వేలెడంత పొడవున్న, పల్చగా చెక్కిన పుల్ల. క్లారినెట్ మూతికి బిగించి ఊదితే అదురుతుంది. ఆ అదురే సంగీతం. కర్ర రీడు పొడిగా ఉంటే కీచుమంటుంది. అందుచేత వాయించే ముందు కాసేపు నోట్లో పెట్టుకుని నానబెట్టాలి. ఆ కాసేపూ మాట్లాడడం కుదరదు.

బృందం పరిపాలన యావత్తూ ఆ కాసేపు మీదే నిలబడి ఉంది.

సర్వసభ్య సమావేశం సాధనకు ముందు, సరిగ్గా రీడులు నానే వేళలో జరపడం ఇక్కడి ఆనవాయితీ. అధ్యక్షులవారు తీర్మానం చదువుతారు. "అభ్యంతరం ఉన్నవారు నిర్భయంగా చెప్పవచ్చు" అంటారు. క్లారినెట్లు, శాక్సఫోన్లు, ఓబోలు శ్రద్ధగా చప్పరిస్తాయి. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గుతుంది. సాధన గదిలో సగం అధ్యక్షులవారి అల్లుడి సోఫాల గోదాముకు ఇవ్వడం అలా నెగ్గింది. మండువేసవిలో ఉన్ని కోట్లు తొడుక్కుని వాయించాలన్నదీ అలాగే నెగ్గింది. కప్పు కారే చోటును 'సహజ తేమ మండలం'గా గుర్తించి, కర్ర రీడులకు తేమ మంచిదే కాబట్టి మరమ్మతు అనవసరమన్నదీ అలాగే. ఇంత సామరస్యం ఉన్న సంస్థ మరొకటి లేదని పత్రికలు రాశాయి. పత్రికలవాళ్ళు కూడా ఆ వేళకే వచ్చి వెళ్తారు.

డ్రమ్ములకూ ఫ్లూట్లకూ ట్రంపెట్లకూ రీడు ఉండదు. వాళ్ళ నోళ్ళు ఖాళీ. మొదట్లో ఇది కొంత ఇబ్బంది పెట్టింది. పెద్ద డ్రమ్ము వాయించే ఆయనే దారి చూపించాడు. ఎక్కడో విరిగిన రీడొకటి సంపాదించి, సమావేశం మొదలవగానే బుగ్గన పెట్టుకున్నాడు. క్రమశిక్షణ అంటే ఇదీ అని అధ్యక్షులవారు మెచ్చుకున్నారు. మరుసటి సమావేశానికల్లా ఫ్లూట్లు, ట్రంపెట్లు, ఆఖరికి తలుపు దగ్గర నిలబడే కాపలాదారు కూడా ఏదో ఒక పుల్ల చప్పరిస్తూ కనబడ్డారు.

మన మొదటి క్లారినెట్ ఆయన్ని అందరూ పుల్లాయన అంటారు. ఆయనకు ఈ ఏర్పాటు అచ్చంగా కుట్టించినట్టు సరిపోయింది. చిన్నప్పటి నుంచీ ఆయనకు మాట ఎప్పుడూ ఆలస్యంగానే తోస్తుంది. లోపల మాత్రం ఒక నిండు సభ నడుస్తూనే ఉంటుంది. ఆ సభలో ఆయనే లేచి మాట్లాడతాడు, ఆయనే ఎదురు ప్రశ్న వేస్తాడు, దానికి ఆయనే తిరుగులేని జవాబు చెబుతాడు, చప్పట్లు కూడా ఆయనే కొడతాడు. బయట అధ్యక్షులవారు అప్పటికే తరవాతి అంశానికి వెళ్ళిపోయి ఉంటారు. ఆయన మౌనం చాలా లోతైనదని బృందంలో పేరు. ఆ లోతులో ఏముందో ఆయన కూడా ఎన్నడూ దిగి చూసుకోలేదు.

ఇంట్లోనూ అంతే. బావమరిది గుమ్మంలో కనబడితే చాలు, రీడు నోట్లోకి వెళ్ళిపోతుంది.

"ఇంట్లో ఎందుకండీ ఆ పుల్ల? ఇక్కడేమన్నా కచేరీనా?" అని భార్య.

ఆయన రీడు వైపు వేలు చూపించి, నానుతోందన్నట్టు తల ఊపుతాడు.

"నానింది చాలు. తీసి మాట్లాడండి, లేకపోతే మింగేసి మాట్లాడండి. మా తమ్ముడు అరగంటనుంచి గోడతో కబుర్లు చెబుతున్నాడు పాపం."

"నాకేం ఇబ్బంది లేదక్కా," అంటాడు తమ్ముడు. "గోడ మధ్యలో చప్పరించదు."

బృందం ఇలా హాయిగా సాగిపోతుండగా, రెండో క్లారినెట్ కుర్చీలోకి ఒక అమ్మాయి వచ్చింది. ఆమె పెదవికి కర్ర రీడు పడదు. పెట్టుకుంటే పెదవి పొంగి, మరునాటిదాకా తగ్గదు. వైద్యుడు వద్దన్నాడు కాబట్టి ప్లాస్టిక్ రీడు వాడుతుంది. ప్లాస్టిక్ రీడును నానబెట్టక్కర్లేదు. పెట్టెలోంచి తీసి, బిగించి, ఊదడమే. ఈ చిన్న సాంకేతిక వివరం వల్ల సమావేశంలో ఆమె నోరు ఖాళీగా ఉండిపోయింది.

ఖాళీగా ఉన్న నోరు ఊరుకోదు. మొదటి సమావేశంలోనే లేచింది.

"అధ్యక్షులవారూ, నా నెత్తిన నీళ్ళు పడుతున్నాయండీ."

"అది సహజ తేమ మండలం, తల్లీ."

"అయితే మీరు ఇటొచ్చి కూర్చోండి, సహజంగా ఉంటుంది. నేనటు వెళ్తాను."

నోళ్ళన్నీ చప్పరించడం ఆపేశాయి. పెద్ద డ్రమ్ము ఆయనకు పుల్ల గొంతుకు అడ్డంపడి దగ్గు వచ్చింది. పుల్లాయన లోపలి సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అది బయటికి వినిపించలేదు. సరిగ్గా అదే మాట ఆయన ఏళ్ళ తరబడి లోపల అంటూనే ఉన్నాడు, ఇంకా మెరుగైన వాక్యాలతో.

తర్వాత ఆమె సోఫాల గురించి అడిగింది. కోట్ల గురించి అడిగింది. ఏకగ్రీవాలన్నీ 'ఒకరు మినహా ఏకగ్రీవం' అయిపోయాయి. పత్రికలో ఆ 'మినహా' అచ్చులో కనబడిన ఉదయం అధ్యక్షులవారికి ప్రకృతి మీద ప్రేమ పుట్టింది.

వారు పూర్వాశ్రమంలో మురుగుకాలువల శాఖకు పెద్ద. ప్రకృతి గురించి వారికి దగ్గరి పరిచయమే ఉంది. "ఈ పుల్ల ఒకప్పుడు నీటి ఒడ్డున పెరిగింది!" అని ఆ సాయంత్రం ఎలుగెత్తారు. "గాలికి ఊగింది! ఎండకు ఎండింది! ఆ గాలీ ఆ ఎండే ఇవాళ మన పాటలో వినిపిస్తున్నాయి. మరి ప్లాస్టిక్కు ఎక్కడ ఊగింది? ఎక్కడ ఎండింది?"

"మీరు కూర్చున్న కుర్చీ ప్లాస్టిక్కేనండీ," అంది అమ్మాయి.

"దీన్ని నేను ఊదడం లేదు కదమ్మా."

ఇదొక్కటి మాత్రం న్యాయమైన జవాబేనని పుల్లాయన కూడా ఒప్పుకున్నాడు, లోపల.

శాస్త్రీయంగా తేల్చడానికి రీడు నిర్ణయ సంఘం ఏర్పడింది. గదికి అడ్డంగా తెర కట్టారు. తెర వెనక పుల్లాయన కర్ర రీడుతో, అమ్మాయి ప్లాస్టిక్ రీడుతో, ఒకే పాట ఒకరి తర్వాత ఒకరు వాయించారు. అధ్యక్షులవారు కళ్ళు మూసుకుని విన్నారు. మొదటి వాయింపుకు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "ఇదీ! ఇందులో నది ఉంది! రెండోది ఉత్త బకెట్టు!" అన్నారు. తెర లాగారు. నది అమ్మాయిది. బకెట్టు పుల్లాయనది.

సంఘం నివేదిక ఇచ్చింది. ప్లాస్టిక్కు ప్రకృతిని ఇంత చక్కగా అనుకరించగలిగిందంటే అది ఎంత ప్రమాదకరమో రుజువైందని, అసలైన ప్రకృతి ఎప్పుడూ బకెట్టులా వినయంగానే ఉంటుందని తేల్చింది. తన వినయాన్ని ఇలా లిఖితపూర్వకంగా గుర్తించినందుకు సంతోషించాలో ఏడవాలో పుల్లాయనకు తెలియలేదు. ఆ పూట మామూలు కన్నా ఎక్కువసేపు నానబెట్టాడు.

ఇంటికి వెళ్తుంటే అమ్మాయి మెట్ల దగ్గర కలిసింది.

"మాస్టారూ, వచ్చే సమావేశంలో నన్ను తీసేస్తారట. నియమావళి ప్రకారం మనిషిని తొలగించాలంటే అందరూ ఒప్పుకోవాలి. ఒక్కరు కాదన్నా చెల్లదు. నా ఓటు లెక్కలోకి రాదు."

ఆయన తల ఊపాడు.

"ఈ కుర్చీ పోతే నాకు వాయించడానికి ఇంకో చోటు లేదండీ. పెళ్ళివాళ్ళూ ఊరేగింపులవాళ్ళూ స్పీకర్లతో సరిపెట్టుకుంటున్నారు. మీరొక మాట అనరూ?"

అంటానని చెప్పాలనుకున్నాడు. వాక్యం చక్కగా తయారైంది. కర్త, కర్మ, క్రియ అన్నీ కుదిరాయి. ఈలోగా ఆమె ఆయన మొహంలోకి చూసి, "ఉండనివ్వండి. నానుతున్నట్టుంది," అని మెట్లు దిగి వెళ్ళిపోయింది. అప్పుడు ఆయన నోట్లో రీడు లేదు.

ఇవాళ్టి సమావేశం అదే. అధ్యక్షులవారి ప్రసంగం చివరికి వస్తోంది. "ఆ చిరంజీవి మీద మాకు ద్వేషం లేదు. ఆమె ఎక్కడున్నా ఊదుతూనే ఉండాలని ఈ బృందం మనసారా కోరుకుంటోంది. ఇక్కడ తప్ప." తర్వాత వారు తీర్మానం చదివారు. "అభ్యంతరం ఉన్నవారు నిర్భయంగా చెప్పవచ్చు."

గదినిండా చప్పరింపు. కప్పు నుంచి ఒక చుక్క పడింది. అమ్మాయి ఎవరి వైపూ చూడకుండా తన క్లారినెట్ విప్పుతోంది. అడుగున గంటలా విచ్చుకున్న భాగం తీసి గుడ్డతో తుడిచింది. కింది ముక్క తీసింది. ఒక్కొక్క ముక్కనూ పెట్టెలో దాని గుంటలో పడుకోబెడుతోంది. ఆఖరి ముక్క పడుకున్నాక మూత వేస్తుంది.

మాట్లాడాలి. కానీ రీడు తీస్తే ఆరిపోతుంది, అనుకున్నాడు పుల్లాయన. ఆరిపోతే సాధనలో కీచుమంటుంది. కీచుమంటే పాట చెడుతుంది. పాట చెడితే నష్టపోయేది శ్రోతలు. ప్రజాప్రయోజనం దృష్ట్యా తాను నోరు మూసుకోవడమే బాధ్యత. తర్కం ఎక్కడా అతుకు కనబడకుండా కుదిరింది. లోపలి సభ ఆమోదించింది. ఈసారి మాత్రం ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

కొట్టలేదేమని వెతికినట్టుగా ఆయన చూపు కిందికి దిగింది. ఒళ్ళో రెండు చేతులున్నాయి. వాద్యం స్టాండు మీద ఉంది. చేతుల్లో ఏమీ లేదు. పక్కకు చూశాడు. శాక్సఫోన్ల చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి. పెద్ద డ్రమ్ము ఆయన చేతులు, అంత మోత మోగించే చేతులు, పొట్ట మీద నిద్రపోతున్నాయి. వరసలు వరసలుగా శుభ్రమైన, ఖాళీ చేతులు. ఇన్నేళ్ళూ రీడు నోట్లోనే నానింది. చేతులను ఎవరూ ఎక్కడా నానబెట్టలేదు. ఈ సంగతి బృందంలో ఇంతవరకూ ఎవరికీ తోచలేదంటే నమ్మబుద్ధి కాదు గాని, చదువుతున్న వారు తమ చేతులు ఇప్పుడు ఎక్కడున్నాయో ఒకసారి చూసుకుంటే నమ్మకం కుదురుతుంది.

"అభ్యంతరాలు లేనందున," అని అధ్యక్షులవారు మొదలుపెట్టారు.

పుల్లాయన నోట్లోంచి రీడు తీయలేదు. దాన్ని అలాగే చప్పరిస్తూ, కుడిచెయ్యి పైకెత్తాడు.